ఊటకు కషాయం, కట్టకు మాత్ర

కంబమందు వెలసి కందును గాచిన
భయము గొలుపువాడ, భయహరుండ,
వెఱపు వలయుచోట వెఱపునే దయచేసి
వెఱ్ఱి వెఱపులెల్ల విఱిచి కావు.

అని నరసింహస్వామికి చేతులు మోడ్చి కథలోకి వస్తున్నాము. భయం కలిగించేవాడూ ఆయనే, దాన్ని తీసివేసేవాడూ ఆయనే. ఆ రెండు పనులనూ స్వామి చేతిలోంచి తీసుకొని, రెండు విభాగాలకు సమానంగా పంచి ఇచ్చిన ఒక శాఖ వృత్తాంతం ఇది. సావధానులై వినండి.

ముక్కొండ జలాశయానికి రెండు మైళ్ళ మట్టికట్ట. నూరు గజాలకొక రాయి చొప్పున దాని మీద ముప్ఫై అయిదు రాళ్ళు. కట్ట దిగువన నల్లపాళెం అనే ఊరు, నాలుగు వందల గడప. ఆ కట్టకు లష్కరు పాలకొండయ్య. తూములూ గేట్లూ కనిపెట్టుకొని ఉండటం, రోజూ సాయంకాలం కట్ట పొడుగునా నడిచి ఎక్కడ ఎండ్రకాయ బొరియ పడిందో, ఎక్కడ కొత్తగా చెమ్మ తేలిందో చూచి రావటం లష్కరు పని. ఇరవై రెండేళ్ళుగా ఆయన కాలి కింద పడని గడ్డిపరక ఆ కట్ట మీద లేదు.

అటువంటి మనిషికి రెండేళ్ళ కిందట ఒక జబ్బు పట్టుకొన్నది. అన్నం ముందు కూర్చుంటే గేటు మర బిగించానా లేదా అన్న అనుమానం. వెళ్ళి చూస్తే బిగించే ఉంటుంది. తిరిగి వచ్చి ముద్ద కలిపితే అదే అనుమానం. గుండె దడదడ, అరచేతుల్లో చెమట, కంటికి కునుకు లేదు. భార్య మస్తానమ్మ ఒక నెల ఓపిక పట్టి, రెండో నెల చెయ్యి పట్టుకొని పట్నంలోని ధర్మాసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ డాక్టరు నజీరా అనే ఆమె అరగంట సేపు ఆయన చెప్పింది విన్నది. గుండె రాయిలా ఉన్నదనీ, ఇది ఆందోళన అనే జబ్బనీ, జ్వరానికి లేని సిగ్గు దీనికీ అక్కరలేదనీ చెప్పింది. ఉదయం ఒక చిన్న మాత్ర. తనకు చెప్పకుండా హఠాత్తుగా మానరాదు. రోజుకు ఏడు టీలు తాగే మనిషి రెండు టీలకు దిగాలి. నిదానంగా ఊపిరి విడవటం నేర్పింది. సాయంకాలపు నడక ఎట్టి పరిస్థితిలోనూ వదలవద్దన్నది. నెలకొకసారి వచ్చి మాట్లాడి పొమ్మన్నది. చివర ఒక మాట చెప్పింది. "భయం వేస్తే వెళ్ళి చూడు పాలకొండయ్యా, ఒక్కసారే. ఏదైనా ఉంటే పని చెయ్యి. లేకపోతే ఇంటికి రా."

నాలుగు నెలలకు పాలకొండయ్య పూర్తి భోజనం చేశాడు. ఆ రోజు మస్తానమ్మ విస్తరి వంక చూచింది. మారు వడ్డించింది.

ఇంతలో నీటిపారుదల శాఖాధిపతి త్రివిక్రమరావు గారు ఏదో కొండమీద మూడు రోజుల శాంతి శిబిరానికి వెళ్ళి, ముఖాన ఒక చిరునవ్వు తగిలించుకొని దిగివచ్చారు. అది ఆ తరువాత ఎవరి సెలవు తిరస్కరించినా చెదరలేదు. ఏడాది తిరిగేలోగా తమది ఆందోళన రహిత శాఖ కావాలని వారు సంకల్పించారు. సంకల్పం బాగానే ఉంది. సాధనం దగ్గర పేచీ వచ్చింది. అధికారుల్లో సగంమంది వేళ్ళూ ఆకులూ ఊపిరీ అన్నారు. తక్కిన సగం మాత్రలూ యంత్రాలూ అన్నారు. ఎవరికీ అన్యాయం జరగకూడదని శాఖాధిపతి గారు రెండు విభాగాలు స్థాపించారు. రెండింటికీ సమానంగా గదులు, సమానంగా జీపులు, సమానంగా రోగులు. అంతవరకు కాలువల్లో గుర్రపుడెక్క తీయించిన శేషాచలపతి గారికి మొక్కలతో పరిచయమున్నది కాబట్టి ప్రకృతి విభాగం, కాగితాల గిడ్డంగి చూచిన పరాంకుశం గారికి చీటీలతో పరిచయమున్నది కాబట్టి వైద్య విభాగం అప్పగించారు. పిమ్మట ఉత్తర్వు వెలువడింది.

"ఇందుమూలముగా యావన్మంది ఉద్యోగులకు తెలియజేయునదేమనగా, ప్రతి ఉద్యోగియు ఆందోళన నివారణార్థము ప్రకృతి మార్గమును గాని వైద్య మార్గమును గాని ఏదో యొకదానిని మాత్రమే వరింపవలెను. ఉభయ మార్గములందు సంచరించువాడు క్రమశిక్షణా చర్యకు పాత్రుడగును."

కింద జాబితా. కషాయాలు, తైలాలు, ఊపిరి, నడక, పచ్చిక, పక్షుల కూతలు ప్రకృతి విభాగానివి. మాత్రలు, సూదులు, నాడి చూచే యంత్రాలు, డాక్టరుతో మాట్లాడటం వైద్య విభాగానివి. ఒకరి సొత్తు ఒకరు ముట్టరాదు.

పాలకొండయ్య సబ్ డివిజను కార్యాలయానికి వెళ్ళి, తనకు మాత్రా నడకా రెండూ కావాలని మనవి చేసుకొన్నాడు. అటువంటి గడి పత్రంలో లేదని పరాంకుశం గారు చూపించారు.

"మాత్ర అర్ధాంతరంగా ఆపితే ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది సార్."

"అట్లయిన వైద్య మార్గమును వరింపుము. తత్‌క్షణము నడక నిషిద్ధమగును."

"నడక నాకు మందు మాత్రమే కాదు సార్. అది నా ఉద్యోగం. నేను లష్కర్ని."

ఈ మాటకు ఆయన కొంచెం ఆలోచనలో పడి, పక్క గదిలోని శేషాచలపతి గారిని పిలిపించారు. నడక తమ విభాగపు ఆస్తి అనీ, వైద్య మార్గీయుడు ఒక్క అడుగు వేసినా అది దురాక్రమణే అనీ శేషాచలపతి గారు ఖండితంగా చెప్పారు. అయితే కట్ట సంగతి ఏమిటని పాలకొండయ్య అడిగాడు. తమ విభాగం కట్ట బాధ్యత తీసుకొంటుందని ఆయన అభయమిచ్చారు. మరునాటినుంచి అతిథి గృహపు వరండాలో ఆరుగురు ప్రకృతి మార్గీయులు సాయంకాలం అయిదింటికి పద్మాసనం వేసి, కన్నులు మూసుకొని, మనసులోనే మొదటి రాయి నుంచి ముప్ఫై అయిదో రాయి దాకా నడిచి వచ్చేవారు. దీని పేరు భావనా పాదచారం. నడిచి వచ్చిన పిదప పుస్తకంలో వ్రాసేవారు: "కట్ట భావనయందు క్షేమముగానున్నది."

మాత్ర మానలేక వైద్య మార్గానికే పేరిచ్చిన పాలకొండయ్యకు ఇంట్లో కూర్చోవటం చేతకాలేదు. సైకిలు తొక్కటం ఏ విభాగానిదో ఇంకా తేలలేదని గుమాస్తా చెవిలో చెప్పిన పుణ్యాన, కట్ట దిగువ బండిబాట మీద సైకిలు తొక్కటం మొదలుపెట్టాడు. మాఘమాసం. జలాశయం నిండుగా ఉంది, వాన లేక నెల దాటింది, కట్ట మీద గడ్డి పసుపుపచ్చగా ఎండిపోయింది. పదిహేడో రాయి కింద మాత్రం మంచమంత మేర పచ్చని పచ్చిక. పాలకొండయ్య సైకిలు దిగి చెయ్యి పెట్టి చూచాడు. చల్లగా తడి తగిలింది. గడ్డి తొలగిస్తే సన్నని ఊట. నీళ్ళు తేటగానే ఉన్నాయి. తేటనీటి ఊట కట్టకు చెమట వంటిది. దాన్ని కనిపెట్టి ఉంటే చాలు. బురద నీరు వచ్చిందంటే మాత్రం కట్ట కడుపులో మన్ను కరిగిపోతున్నదని అర్థం.

ఇంటికి వచ్చి మస్తానమ్మతో చెప్పాడు.

"నిజంగా చూసినావా, గేటు మర మాదిరేనా?" అని ఆమె అడిగింది.

"చెయ్యి తడిసింది మే. ఇదో."

ఆమె చెయ్యి పట్టుకొని చూచింది. అప్పటికే ఆరిపోయింది. ఆరిన చేతిని చూచి పాలకొండయ్యకే అనుమానం వచ్చింది. ఊట కట్టలో ఉన్నదా, తన తలలో ఉన్నదా? మరునాడు మళ్ళీ వెళ్ళి, ఈ సారి మస్తానమ్మను సైకిలు మీద ఎక్కించుకొని పోయి, ఆమె చెయ్యి కూడా పెట్టించి, అర్జీ వ్రాసి ఇచ్చాడు.

ఇంజనీర్లకు వ్రాసిన ఆ అర్జీ, వ్రాసినవాడు నమోదైన రోగి కావటం చేత, వైద్య విభాగానికి చేరింది. దాని మీద పరాంకుశం గారి వ్రాత: "ఊట కలదని రోగి భావించుచున్నాడు. లక్షణము తీవ్రము. మాత్ర హెచ్చింపుడు." దాని నకలు ఒకటి ప్రకృతి విభాగానికి వెళ్ళింది. తేటనీరు కనబడుట పైత్య వికారమనీ, అశ్వగంధ కషాయముతో నశించుననీ శేషాచలపతి గారు వ్రాశారు. రోగి తమవాడు కాడు గనుక ఆ కషాయాన్ని ఇయ్యరాదని పరాంకుశం గారు వ్రాశారు. ఈ లోపల ఊట మంచమంత మేర దాటి పందిరంత అయింది. పాలకొండయ్య రెండో అర్జీ పెట్టాడు. మాత్రల సిఫారసు రెండింతలైంది. మూడో అర్జీకి మూడింతలైంది. ఊట కొలతా మందు కొలతా పక్కపక్కనే గీసిన ఒక పటం పరాంకుశం గారి గోడ మీద వెలసింది. చూచినవారు శాస్త్రీయంగా ఉన్నదని మెచ్చుకొన్నారు.

మాత్రలు పెంచమన్న తాఖీదు నజీరా గారికి అందింది. ఆమె పెంచలేదు. మందు చీటీ వెనుక ఇట్లా వ్రాసి పంపింది: "ఈయన మాత్ర సరిపోయినంత ఉన్నది. ఈయన చెప్పే చోటికి ఎవరైనా ఒకరు వెళ్ళి చూడండి. అది నా చికిత్సలో భాగం."

వైద్య విభాగం దీన్ని గౌరవంగా స్వీకరించింది. అయితే వెళ్ళటంలో నడక ఉన్నది కాబట్టి ప్రకృతి విభాగపు నిరభ్యంతర పత్రం కోరింది. ప్రకృతి విభాగం అభ్యంతరం చెప్పింది. ఆందోళనపడేవాని మాటను పరీక్షించబోవటం ఆందోళనకు ఎరువు వెయ్యటమేననీ, ఉత్తర్వులోని తొమ్మిదో నిబంధన ప్రకారం ఆందోళన అంటువ్యాధి అనీ జ్ఞాపకం చేసింది.

డిప్యూటీ ఇంజనీరు ఓబుళరెడ్డికి మనసు ఊరుకోలేదు. ఎవరికీ చెప్పకుండా జీపులో వెళ్ళి చూచి వచ్చాడు. వచ్చినప్పుడు ముఖాన నెత్తురు లేదు. కట్ట ప్రమాదంలో ఉన్నదని నోట్ వ్రాశాడు. తొమ్మిదో నిబంధన ఆయనకు వర్తించింది. మరునాటికి ఓబుళరెడ్డి అతిథి గృహంలో, రోగులను కూర్చోబెట్టే వైద్య మార్గపు వరుసలో, పాలకొండయ్య పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇద్దరి వేళ్ళకూ నాడి చూచే యంత్రాలు తగిలించి ఉన్నాయి. నాడి తొంభై దాటిన ఉద్యోగి ఇచ్చే ఆజ్ఞ ఏదీ చెల్లదని పన్నెండో నిబంధన. ఓబుళరెడ్డిది నూటపది.

"నువ్వు చెప్తా ఉంటే నేను నవ్వినాను పాలకొండయ్యా," అన్నాడు ఆయన.

"నవ్వింది మీరొక్కరే సార్. కడమోళ్ళు చీటీ రాసినారు."

ఆ విధంగా ఊటను చూచినవారు అందరూ రోగులైనారు. ఆజ్ఞ ఇయ్యగల అర్హత చూడనివారికే మిగిలింది. చూడనివారు సహజంగానే ప్రశాంతంగా ఉన్నారు. అందుచేత ఆ సంవత్సరం ఆందోళన రహిత జలాశయమనే బిరుదు ముక్కొండకే దక్కింది.

బిరుదు ప్రదానానికి త్రివిక్రమరావు గారు స్వయంగా వేంచేయనున్నారు. ఉత్సవంలో ప్రధాన ఘట్టం శాఖాధిపతి గారి హరిత పాదచర్య, అనగా చెప్పులు విడిచి పచ్చిక మీద నడవటం. మాఘమాసపు ఎండకు పచ్చిక ఎక్కడుందని వెతికితే, రెండు మైళ్ళ కట్టలో పదిహేడో రాయి కింద ఒక్కచోట పట్టుపరుపులా పరచుకొని ఉన్నది. తమ విభాగపు భావనా బలంతోనే అది మొలిచిందని శేషాచలపతి గారు పొంగిపోయారు. పందిరి అక్కడే వేయించారు.

ఆ ఉదయం పదిన్నరకు అందరూ చేరారు. విభాగాల సమానత్వం చూపటానికి అధికారులతో సహా ప్రతి ఒక్కరి వేలికీ నాడి యంత్రం తొడిగారు. రోగులను జీపులో తెచ్చి వెనుక వరుసలో కూర్చోబెట్టారు. పాలకొండయ్య కూర్చోలేదు. గట్టు వారన పారుతున్న సన్నని నీటి వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ నీరు టీ రంగులో ఉన్నది.

"మన్ను వస్తా ఉండాది సార్," అన్నాడు ఓబుళరెడ్డితో. ఓబుళరెడ్డి లేచి వేదిక దగ్గరికి పరుగెత్తి, శాఖాధిపతి గారిని అడుగు వెయ్యవద్దని ప్రాధేయపడ్డాడు. పరాంకుశం గారు ఆయన వేలి యంత్రం చూచి, నూట ముప్ఫై అని ప్రకటించి, మాట చెల్లదన్నారు.

త్రివిక్రమరావు గారు చిరునవ్వుతో చెప్పులు విడిచి పచ్చిక మీద కాలు మోపారు. "ఆహా, భూమాత ఎంత శీతలము," అన్నారు. రెండో అడుగు వేశారు. మూడో అడుగుకు కుడికాలు మోకాలి దాకా దిగిపోయింది. లాగబోతే ఎడమకాలూ దిగింది. ఆ గుంటలోంచి బురదనీరు బుడబుడమని పొంగి వారి పంచెను తడిపింది. చిరునవ్వు, అంతకాలానికి, చెదిరింది.

పందిరి కింద ఒక్కసారి యంత్రాలన్నీ కూయటం మొదలుపెట్టాయి. శాఖాధిపతి గారిది నూటనలభై. శేషాచలపతి గారిది నూటఇరవై. పరాంకుశం గారు తమ వేలిని యంత్రంతో సహా జేబులో దాచుకొన్నారు. గేట్లు ఎత్తించాలని ఒకరు, జనాన్ని తరలించాలని ఒకరు, ముందు శాఖాధిపతిని తరలించాలని ఒకరు కేకలు పెట్టారు. కూలీలు నిలబడి చూస్తున్నారు. చెల్లని ఆజ్ఞను పాటించినవాడి ఉద్యోగం పోతుందని వారికి మూడు సార్లు చదివి వినిపించి ఉన్నారు.

ఉత్తర్వు ప్రతి చేతిలో పట్టుకొన్న ముసలి గుమాస్తా వరుసలన్నీ చూచుకొంటూ వచ్చి పాలకొండయ్య దగ్గర ఆగాడు. యంత్రం చూచాడు. కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ చూచాడు. డెబ్భై నాలుగు.

పాలకొండయ్య గుండెకు రెండు బరువులుండేవి. ఒకటి ఊట. రెండోది, ఊట నిజమా కాదా అన్నది. ఆ రెండో బరువు శాఖాధిపతి గారి మోకాలితో పాటు దిగిపోయింది. మిగిలింది పని. పని ఆయనకు ఇరవై రెండేళ్ళుగా తెలుసు.

"పన్నెండో నిబంధన ప్రకారం ఇక్కడ ఆజ్ఞ ఇయ్యదగినవాడు వీడొక్కడే," అన్నాడు గుమాస్తా.

"చెప్పు పాలకొండయ్యా," అన్నాడు ఓబుళరెడ్డి.

పాలకొండయ్య గొంతు పెంచలేదు. అలుగు గేట్లు ఆరూ ఎత్తి నీటిమట్టం దించమన్నాడు. సైకిలు ఇచ్చి ఒకణ్ణి నల్లపాళేనికి పంపి, ముసలీ ముతకా గొడ్డూ గోదా మెరక మీదికి చేరాలని చెప్పించాడు. పందిరి గుంజలు పీకించి దారి చేయించాడు. శాఖాధిపతి గారిని నలుగురు పట్టి లాగారు. గుంటలో మట్టి కుక్కి మూసెయ్యాలని కూలీలు గంపలు ఎత్తారు. అప్పుడు మాత్రం పాలకొండయ్య పరుగెత్తి అడ్డం నిలిచాడు.

"నోరు మూయొద్దండి. మూస్తే ఇంకో చోట పగులుతుంది. నీళ్ళు పోనీండి, మన్ను పోకుండా చూడండి. ముందు ఇసక, దాని మీద గులకరాళ్ళు. చుట్టూ ఇసక మూటలు."

వేదిక అలంకారానికి తెచ్చిన గులకరాళ్ళూ, ధ్యానవనానికి పోయించిన ఇసుకా అక్కడే ఉన్నాయి. మస్తానమ్మతో కలిసి నల్లపాళెం ఆడవాళ్ళు ముప్ఫై మంది గంపలతో వచ్చారు. మధ్యాహ్నం మూడింటికి నీటి రంగు పలచబడింది. అయిదింటికి తేటగా పారింది. నాలుగు వందల గడపల్లో ఆ పూట పొయ్యిలు ఆలస్యంగానే అయినా వెలిగాయి.

తరువాత విచారణ సంఘం కూర్చున్నది. పాలకొండయ్య నాడి డెబ్భై నాలుగుగా ఉండటానికి పచ్చిక సాన్నిధ్యమే కారణమని ప్రకృతి విభాగమూ, మాత్రయే కారణమని వైద్య విభాగమూ వాదించాయి. నెల రోజుల చర్చ అనంతరం చెరి ముప్ఫై ఏడు పంచుకొన్నాయి. ఊట ఫైలు మొదటినుంచీ రోగుల బీరువాలో ఉండటం చేత, దాన్ని మూసేటప్పుడు "రోగి కోలుకొనెను, ఇంటికి పంపవచ్చును" అని వ్రాశారు.

నెల తిరిగింది. పాలకొండయ్య మామూలుగా నజీరా గారి దగ్గరికి వెళ్ళాడు. బయట బల్ల మీద, తన ముందు వరుసలో, తలకు కండువా చుట్టుకొని ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మీద అరచేతులు తుడుచుకొంటున్నాడు. పాలకొండయ్య గుర్తుపట్టి లేవబోతే, త్రివిక్రమరావు గారు వద్దని సైగ చేశారు. నెమ్మదిగా అడిగారు.

"మాత్రా, నడకా? నిజం చెప్పు."

"రెండూ సార్. టీ కూడా తగ్గించాల."

"నేల మీద కాలు పెట్టాలంటే భయంగా ఉంది పాలకొండయ్యా. స్నానాల గదిలో రాతిపలక మీద కూడా. ఎవరితోనైనా చెబితే నాకే చీటీ వ్రాస్తారు."

పాలకొండయ్యకు తన అర్జీలు జ్ఞాపకం వచ్చి ఉండవచ్చు. రాకపోయి ఉండవచ్చు. బల్ల మీద కొంచెం దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

"నా వంతు వచ్చేదానికి ఇంకా సేపుంది సార్. చెప్పండి, మొదట్నించి. ఏంది సంగతి?"

ఆయన చెప్పారు. పాలకొండయ్య విన్నాడు.

ఈ కథ విన్నవారికీ, చదివి వినిపించినవారికీ స్వామి మేలు చేయుగాక. భయపడవలసిన చోట భయమూ, భయపడనక్కరలేని చోట నిద్రా అనుగ్రహించుగాక. వారి మందు వారికి తగినంతగా ఉండుగాక. వారు "చెమ్మ తగిలింది" అన్నప్పుడు, లేచి వచ్చి చెయ్యి పెట్టి చూచే మనిషి ఒకరైనా వారి ఇంట ఉండుగాక. స్వస్తి.